సీఐఎఫ్ అంటే సరుకు దుబాయ్ చేరేదాకా పూచీ నాదేనా?

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ పక్కన పల్లె. ఆరేండ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా చేశాను. ఈ మధ్యే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులకు కావాల్సిన నంబరు, తీసుకున్నాను. దుబాయ్‌లో ఉండే మా బావ ఒక పార్టీని చూపించాడు. ఆయన వాట్సాప్‌లో ‘బాయిల్డ్ రైస్, వన్ ఇంటు ట్వంటీ ఎఫ్‌సీఎల్, సీఐఎఫ్ జెబెల్ అలీ, ఎల్‌సీ ఎట్ సైట్, హెచ్‌ఎస్ కోడ్ వేసి పీఐ పంపండి’ అని పెట్టాడు. నాలుగు రోజులైంది, జవాబివ్వలేదు. తెలియదంటే పార్టీ పోతుందేమోనని టెన్షన్. సీఐఎఫ్ అంటే సరుకు అక్కడ దిగేదాకా పూచీ నాదేనా? మిల్లు దగ్గర తెలిసినాయన ‘ఎక్స్ వర్క్స్ ఇచ్చెయ్, ఏ తలనొప్పీ ఉండదు’ అంటున్నాడు. హైదరాబాద్‌లో 35 వేలు కడితే మూడు రోజుల్లో ఈ పదాలన్నీ నేర్పిస్తామంటున్నారు. కట్టమంటారా?

జవాబు: తమ్మీ, ముందు ఆ 35 వేలు జేబులోనే ఉండనీ. ఆ పదాల్లో సగం వ్యవహారం నీకు తెలిసిందే, పేర్లే కొత్త.

మన నల్గొండ బత్తాయి సంగతి చూడు. ఒక రైతు తోట మీదనే అమ్మేస్తాడు, వ్యాపారే కూలీలను తెచ్చుకుంటాడు, కోసుకుంటాడు, లారీ మాట్లాడుకుంటాడు, దారిలో లారీ బోల్తా పడినా రైతుకు సంబంధం లేదు, రేటు మాత్రం తక్కువ కడతాడు. ఇంకో రైతు తానే కోయించి నల్గొండ మార్కెట్‌లో దించుతాడు. మూడో ఆయన హైదరాబాద్ పక్కన బాటసింగారం పండ్ల మార్కెట్ దాకా తోలుకుపోతాడు. ముగ్గురివీ అవే కాయలు, మూడు రేట్లు. ఎందుకంటే కిరాయి ఎక్కడిదాకా ఎవరు పెట్టుకున్నారు, కాయ పాడైతే ఎక్కడిదాకా ఎవరి నెత్తిన పడుతుంది అన్నది మూడు చోట్లా వేరు. ఎక్స్ వర్క్స్, ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ అన్నవి ఈ బేరాలకే పెట్టిన పేర్లు. దేశానికో అర్థం చెప్పుకుని కొట్టుకోకుండా పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ 1936లో వీటిని ఒక చోట రాసిపెట్టింది. వీటినే ఇన్‌కోటర్మ్స్ అంటారు. ఇప్పుడు నడుస్తున్నది 2020 ఎడిషన్, అందులో మొత్తం 11 ఉన్నాయి. పదకొండూ నీకక్కర్లేదు, నాలుగు చాలు.

మీ మిల్లు పెద్దమనిషి చెప్పిన ఎక్స్ వర్క్స్ సంగతి ముందు. తోట మీద అమ్మడం లాంటిదే, సరుకు మిల్లులో చూపించి చేతులు దులుపుకోవడం. వినడానికి హాయిగానే ఉంటుంది కానీ ఎక్స్ వర్క్స్ అంటే మన కస్టమ్స్‌లో ఎగుమతి కాగితాలు కూడా కొన్నవాడే పెట్టుకోవాలి. దుబాయ్‌లో కూర్చున్నాయనకు ఇక్కడ ఐఈసీ ఏది? చివరికి షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి కాగితం, నీ పేరు మీదనే వేయాల్సి వస్తుంది, అంటే పని నీది, రేటు మాత్రం తోట మీద రేటు. తలనొప్పి ఎక్కడికీ పోదు, దానికి వచ్చే పైసలే పోతాయి.

ఎఫ్‌ఓబీ అంటే సరుకును నువ్వు రేవుకు చేర్చి, కస్టమ్స్ దాటించి, పార్టీ మాట్లాడుకున్న ఓడ మీదికి ఎక్కించేదాకా ఖర్చూ నీదే, నష్టమొస్తే అదీ నీదే. ఓడెక్కిన క్షణం నుంచి ఆయనది. పక్కన ఊరి పేరు తప్పనిసరి, ‘ఎఫ్‌ఓబీ చెన్నై, ఇన్‌కోటర్మ్స్ 2020’ అని పూర్తిగా రాయాలి, ఉత్త ఎఫ్‌ఓబీ అని రాస్తే ఏ రేవో తేలదు. అమెరికా వాళ్లతో మరీ జాగ్రత్త, వాళ్ల లోకల్ వ్యాపారంలో ఎఫ్‌ఓబీ అన్న మాటకు వేరే వాడుక ఉంది, ‘ఎఫ్‌ఓబీ డెస్టినేషన్’ అని కూడా అంటారు.

సీఐఎఫ్ అంటే కాస్ట్, ఇన్సూరెన్స్, ఫ్రైట్. సరుకు ధర, బీమా, ఓడ కిరాయి మూడూ కలిపి నువ్వు రేటు చెప్పాలి. చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే, నువ్వు అడిగిందీ ఇదే. కిరాయి దుబాయ్ రేవు జెబెల్ అలీ దాకా నువ్వు కడతావు, నిజమే. నష్టం పూచీ మాత్రం ఎఫ్‌ఓబీలో లాగానే చెన్నైలో ఓడెక్కగానే పార్టీ మీదికి పోతుంది. అంటే ఖర్చు ఒక ఊళ్లో ఆగుతుంది, పూచీ ఇంకో ఊళ్లో ఆగుతుంది. నడిసముద్రంలో ఓడ తగలబడి బియ్యం పాడైతే, కాగితాలు సరిగ్గా ఉన్నంతకాలం నీ డబ్బు నీకు రావాల్సిందే, బీమా కంపెనీ వెంట ఆయన తిరగాలి. అందుకే ఆ బీమా పాలసీ ఆయన పేరు మీదికి బదిలీ అయ్యేలా తీస్తారు. సరుకు విలువకు పది శాతం కలిపి, అంటే 110 శాతానికి తీయాలి. కాకపోతే సీఐఎఫ్ అడిగేది అన్నింటికంటే చిన్న కవరే, క్లాజ్ సీ అంటారు. ఓడ మునిగితే, తగలబడితే డబ్బొస్తుంది, బస్తాలు తడిస్తే, దొంగతనం జరిగితే రాదు. యుద్ధం, సమ్మెలు అసలే ఉండవు, అవి వేరే కట్టి కలుపుకోవాలి. అన్నింటికంటే పెద్ద కవర్ క్లాజ్ ఏ. ‘క్లాజ్ ఏ తీయమంటారా, ప్రీమియం తేడా మీది’ అని పార్టీని ముందే అడిగితే రేపు గొడవ ఉండదు, పైగా తెలిసినవాడివని ఆయనకూ అర్థమవుతుంది.

లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే, ఇవాళ్టి రేట్లు కావు. మిల్లు దగ్గర టన్ను 38 వేలు, 25 టన్నులకు 9 లక్షల 50 వేలు, ఇది ఎక్స్ వర్క్స్. సంచులు, హమాలీ, చెన్నై దాకా లారీ, ఏజెంటు, రేవు ఖర్చులు కలిపి లక్ష అనుకో, ఎఫ్‌ఓబీ 10 లక్షల 50 వేలు. ఓడ కిరాయి 40 వేలు, బీమా రెండు వేలు, సీఐఎఫ్ 10 లక్షల 92 వేలు. ‘సీఐఎఫ్‌లో రేటెక్కువ’ అని సంబరపడేవాళ్లను చూశాను, ఆ పై 42 వేలూ వచ్చినదారినే పోతాయి, అందులో నీ లాభం ఏమీ లేదు. పైగా కిరాయి పెరిగితే నీకే దెబ్బ. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక కిరాయిలు ఎట్లా ఎగిరాయో ఆ దారిన సరుకు పంపేవాళ్లను అడుగు, ముందే సీఐఎఫ్ రేటు ఒప్పుకున్నవాళ్లు తేడా చేతి నుంచి పెట్టుకున్నారు. కాబట్టి సీఐఎఫ్ ఇస్తే పీఐ మీద ‘ఈ రేటు ఫలానా తారీఖు దాకే’ అని రాయాలి. పీఐ అంటే ప్రొఫార్మా ఇన్వాయిస్, మిల్లులో కొటేషన్ ఇస్తాం చూడు, దాదాపు అదే.

నాలుగోది ఎఫ్‌సీఏ, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. మన దగ్గర సముద్రం లేదు కదా, అందుకని సనత్‌నగర్‌లో, పాలమూరు దారిలో షాద్‌నగర్ దగ్గర తిమ్మాపూర్‌లో ఐసీడీలున్నాయి, ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపోలు. కస్టమ్స్ తతంగం అక్కడే అయిపోతుంది, కంటైనర్ సీలుతో రేవుకు పోతుంది. ‘ఎఫ్‌సీఏ ఐసీడీ తిమ్మాపూర్’ అని రాస్తే కంటైనర్ అక్కడ అప్పజెప్పగానే నీ పూచీ తీరిపోయినట్టు. అదే ‘ఎఫ్‌ఓబీ చెన్నై’ అంటే కంటైనర్ టెర్మినల్‌లో ఇచ్చాక ఓడ వచ్చి ఎక్కేదాకా, అది మూడు రోజులో వారమో, సరుకు నీ చేతిలో ఉండదు, పూచీ మాత్రం నీదే. కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ పెట్టుకోమని ఆ చాంబర్ వాళ్లే అంటారు, అయినా అందరికీ ఎఫ్‌ఓబీ నోటికి అలవాటైపోయింది. ఎఫ్‌ఓబీకి సరిగ్గా అతికే వ్యాపారం కాకినాడలో ఉంది. 2025 మార్చి 31న మన తెలంగాణ బియ్యం, 1010 రకం, 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు పోయాయి చూడు, కాకినాడ నుంచే. అక్కడ బస్తాలను అట్లాగే ఓడ కడుపులోకి దించడం మామూలు. బ్రేక్ బల్క్ అంటారు, కంటైనర్ గొడవే లేదు.

నీది మాత్రం ఒక్క కంటైనర్. ‘వన్ ఇంటు ట్వంటీ ఎఫ్‌సీఎల్’ అంటే 20 అడుగుల కంటైనర్ ఒకటి, నిండా నీ సరుకే. ఎల్‌సీఎల్ అంటే షేర్ ఆటో, నలుగురి సరుకు కలిసి పోతుంది. బియ్యం బరువు సరుకు, 25 టన్నులకు ఇరవై అడుగులదే సరిపోతుంది. నలభై అడుగులదైతే జాగా రెట్టింపు ఉంటుంది కానీ బరువు రెట్టింపు ఎత్తనివ్వరు, సగం ఖాళీగా పోతుంది.

హెచ్‌ఎస్ కోడ్‌ను ఏదో ఒక నంబరులే అనుకోకు. బ్రస్సెల్స్‌లోని వరల్డ్ కస్టమ్స్ ఆర్గనైజేషన్ నడిపే పట్టికలో ప్రతి సరుకుకూ ఆరంకెల నంబరుంటుంది, మన దేశంలో ఇంకో రెండు కలిపి ఎనిమిది చేస్తారు. బియ్యం అంతా 1006 కింద ఉంటుంది. వడ్లు 1006 10, పొట్టు మాత్రమే తీసిన ముడి బియ్యం 1006 20, మరపట్టినవి 1006 30, నూకలు 1006 40. దీనితో ఏం తేడా పడుతుందంటే, 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేశారు, 2025 మార్చి దాకా తెరవలేదు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఆపేశారు, 2024 సెప్టెంబరు చివర్లో వదిలారు. బాయిల్డ్‌ను ఆపలేదు, 2023 ఆగస్టులో 20 శాతం సుంకం వేశారు, మరుసటి ఏడాది అక్టోబరులో పూర్తిగా తీసేశారు. ఒకే కల్లంలో ఆరబోసిన వడ్లు, మిల్లులోంచి ఏ రూపంలో బయటికొచ్చాయన్న దాన్నిబట్టి ఒకటి సుంకం కట్టి ఓడెక్కింది, రెండు గోదాములోనే ఉండిపోయాయి. అందుకే పీఐ పంపే రోజు ఉదయం ఎనిమిదంకెల కోడ్ పెట్టి, విదేశీ వ్యాపారం చూసే కేంద్ర కార్యాలయం డీజీఎఫ్‌టీ పాలసీ చూసుకో, నిరుడు ఎవరో పంపారన్న ధీమా ఈ సరుకులో పనికిరాదు.

ఇక ఎల్‌సీ. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే ఆయన బ్యాంకు ‘ఈ ఈ కాగితాలు ఇట్లా ఇట్లా తెస్తే డబ్బిస్తాను’ అని నీకు రాసిచ్చే మాట. ఎట్ సైట్ అంటే కాగితాలు చూసి సరిగ్గా ఉంటే వెంటనే, యూసెన్స్ అంటే 60, 90 రోజుల తర్వాత. మంచి రక్షణే, కాకపోతే బ్యాంకు నీ బియ్యం చూడదు, కాగితాలే చూస్తుంది. ఈ ముక్క నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

నా మూడో కంటైనర్ అది. ఎల్‌సీలో ‘25 కిలోల సంచులు 1000’ అని ఉంది, ‘పార్షియల్ షిప్‌మెంట్ నాట్ అలౌడ్’, అంటే విడతలుగా పంపకూడదు, అనీ ఉంది. లోడింగ్ రాత్రిపూట, టార్చిలైట్ల కింద. హమాలీలు చివరి వరుస వేస్తుంటే రెండు సంచులు కుట్టు దగ్గర చిరిగి గింజలు కారాయి, పక్కన పెట్టారు. బదులు తేవాలంటే పది కిలోమీటర్లు, డ్రైవరు తొందర పెడుతున్నాడు. యాభై కిలోలే కదా, పాతిక టన్నుల్లో ఎవడు చూస్తాడని తలుపు వేయించి సీలు కొట్టించాను, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఓడ కంపెనీ ఇచ్చే బీఎల్ అన్నింట్లో 998 అని నిజాయితీగా రాశాను. బ్యాంకు తిప్పి పంపింది. డిస్క్రెపెన్సీ అంటారు దాన్ని, ఎల్‌సీకీ కాగితాలకూ తేడా అని. యూసీపీ 600 అని బ్యాంకులు పాటించే నియమాలున్నాయి, 2007 జులై నుంచి అమల్లో ఉన్నవి. వాటి ప్రకారం పరిమాణం టన్నుల్లో రాస్తే ఐదు శాతం అటూ ఇటూ చెల్లుతుంది, సంచుల లెక్కన రాస్తే ఒక్క సంచి తగ్గినా చెల్లదు. అదే ఎల్‌సీలో ‘25 టన్నులు’ అని ఉండి ఉంటే నా 24 టన్నుల 950 కిలోలు హాయిగా చెల్లేవి. ఒకసారి తప్పు దొరికిందంటే డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది పార్టీ దయ. అప్పటికి అక్కడ రేటు పడిపోయింది, ఆయన డిస్కౌంట్ అడిగాడు, బేరం తెగేసరికి కంటైనర్‌కు ఇచ్చిన ఫ్రీ డేస్, అంటే ఉచిత గడువు, అయిపోయి రోజుకింత డెమరేజ్ జరిమానా మొదలైంది. రెండు సంచుల బియ్యం మా ఇంట్లోనే వండుకు తిన్నాం, అంత ఖరీదైన అన్నం మళ్లీ తినలేదు.

అందుకే ఎల్‌సీ తెరవకముందే డ్రాఫ్టు తెప్పించుకో. కామాతో సహా చదువు, నీ వల్ల కాని షరతు ఒక్కటున్నా మార్పించు. ఓడెక్కిన తారీఖు నుంచి 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకులో పడాలి, ఎల్‌సీలో వేరే గడువు రాస్తే అది. కంపెనీ పేరు, అడ్రసు, సరుకు వివరం అన్ని కాగితాల్లో ఒకేలా కనిపించేట్టు చూసుకో. లోడింగ్‌కు పది సంచులు ఎక్కువ తెచ్చి పెట్టుకో, చవకలో పోతుంది.

బీఎల్ అంటే బిల్ ఆఫ్ లేడింగ్, ఈ మొత్తంలో ప్రాణం ఉన్న కాగితం ఇదే. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెడితే బాండు ఇస్తారు కదా, బాండు ఎవరి చేతిలో ఉంటే బస్తాలు వాళ్లవి. ఓడ కంపెనీ ఇచ్చే బీఎల్ కూడా అంతే, మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు, ‘టు ఆర్డర్’ అని రాసినదైతే ఒక్క ఒరిజినల్ చూపించినా సరుకు విడిపించుకోవచ్చు. కాబట్టి డబ్బు రాకుండా ఒక్కటి కూడా పార్టీకి కొరియర్ చేయకు. ‘టెలెక్స్ రిలీజ్ ఇచ్చెయ్ బ్రదర్, సరుకు రేవులో ఆగిపోయింది’ అని రాత్రి పదకొండుకు ఫోన్ వస్తుంది, ఇవ్వకు. టెలెక్స్ రిలీజ్ అంటే ఒరిజినల్ లేకుండానే సరుకు ఇచ్చేయమని నువ్వు ఒప్పుకోవడం, ఇచ్చాక నీ చేతిలో ఏమీ మిగలదు. ఇంకో చిక్కు ఎఫ్‌ఓబీలో ఉంది. ఓడ, ఫార్వర్డరు (సరుకు రవాణా ఏర్పాటు చేసే ఏజెంటు) ఇద్దరూ పార్టీ మనుషులే, ఆ ఫార్వర్డరు ఇచ్చే బీఎల్ హౌస్ బీఎల్, ఓడ కంపెనీది మాస్టర్ బీఎల్. రెండింట్లో నీ చేతికి ఏది వస్తుందో ముందే అడుగు. ఈ ఒక్క విషయంలో సీఐఎఫ్ మేలు, ఓడ నువ్వు మాట్లాడతావు కాబట్టి బీఎల్ నీ గుప్పిట్లో ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఐఈసీకి డీజీఎఫ్‌టీ ఫీజు 500 రూపాయలే, నీ నంబరు నీ పాన్ నంబరే, ఏటా ఏప్రిల్ జూన్ మధ్య సైట్‌లో అప్‌డేట్ చేయకపోతే నిద్రపోతుంది. ఏడీ కోడ్, అంటే ఎగుమతి డబ్బు ఏ బ్యాంకుకు వస్తుందో చెప్పే నంబరు, నీ బ్యాంకు ఇస్తుంది, ఏ రేవు నుంచి పంపితే ఆ రేవు కస్టమ్స్‌లో నమోదు చేయించాలి, కంటైనర్ గేటు దాకా వచ్చాక ఇది గుర్తొచ్చినవాళ్లు ఉన్నారు. కస్టమ్స్ పని చేసిపెట్టే ఏజెంటును సీహెచ్‌ఏ అంటాం, 2013 నుంచి కాగితాల్లో కస్టమ్స్ బ్రోకర్. ఎగుమతికి షిప్పింగ్ బిల్లు, దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ. కస్టమ్స్ వాళ్లు ‘పోనీ’ అని ఇచ్చేది లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్. ఫైటో సర్టిఫికెట్ అంటే పురుగూ తెగులూ లేదని సర్కారు ఇచ్చేది, ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ మందు పొగ పట్టించినట్టు కాగితం, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఈ దేశపు సరుకే అని. డెమరేజ్, డిటెన్షన్ రెండూ ఒకటే అనుకుంటారు. సరుకుతో కంటైనర్ రేవులోనే గడువు దాటి పడి ఉంటే డెమరేజ్, బయటికి తీసుకుపోయి తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే డిటెన్షన్. పార్టీ డబ్బు ఎగ్గొడితే ఆదుకునే బీమా కూడా ఉంది, ఈసీజీసీ అని కేంద్రానిది, కొత్త పార్టీ అంటే దాని సంగతి ఒకసారి కనుక్కో.

రేపు ఎప్పుడో చైనా నుంచి గింజల రంగు చూసి ఏరే సార్టెక్స్ మిషన్ తెప్పించుకుంటావనుకో, అప్పుడివే పదాలు తలకిందులవుతాయి. మన కస్టమ్స్ దిగుమతి సుంకం వేసేది సీఐఎఫ్ విలువ మీద. ఎఫ్‌ఓబీలో కొని కిరాయి రసీదు చూపించలేకపోతే సరుకు విలువలో 20 శాతం కిరాయి అనుకుని దాని మీద కూడా సుంకం వేస్తారు, ఆ రసీదు మాత్రం పారేయకు.

ఇప్పుడు జవాబు సంగతి. పార్టీ పోతుందన్న భయం వద్దు, ఎదురు ప్రశ్నలు వేసేవాణ్ణే వాళ్లు నమ్ముతారు. ఇట్లా పెట్టు: ‘సర్, ఆలస్యానికి క్షమించండి. బాయిల్డ్ రైస్, ఫైవ్ పర్సెంట్ బ్రోకెన్, 25 మెట్రిక్ టన్నులు, 25 కిలోల పీపీ సంచుల్లో. రెండు రేట్లు పంపుతున్నాను, ఎఫ్‌సీఏ ఐసీడీ తిమ్మాపూర్ ఒకటి, సీఐఎఫ్ జెబెల్ అలీ ఒకటి, రెండూ ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం, వారం రోజులు చెల్లుతాయి. ఇన్సూరెన్స్ క్లాజ్ ఏ కావాలా సీ చాలా చెప్పండి. ఎల్‌సీ తెరిచే ముందు డ్రాఫ్టు పంపండి, పరిమాణం సంచుల్లో కాకుండా టన్నుల్లో రాయండి.’ మొదటి కంటైనర్ చిన్న మొత్తమే కాబట్టి ఎల్‌సీ ఖర్చు దండగనుకుంటే ఆయనే 30 శాతం అడ్వాన్సు, మిగతాది బీఎల్ కాపీ చూసి పంపుతానంటాడు. ఒప్పుకో, ఒరిజినల్స్ మాత్రం బ్యాంకులో డబ్బు పడ్డాకే.

పంపే ముందు రేటు మీ సీహెచ్‌ఏకు ఒకసారి చూపించు, టర్మినల్ చార్జీలు కలపడం మరిచిపోయి ఉంటావు, అందరం మొదటిసారి మరిచిపోయేది అదే.